లోచనమ్మను చావనివ్వని తిమోతి

బెల్లంపల్లి బొగ్గుబాయి కాలనీలో తిమోతి ఇల్లెక్కడ అని అడిగితే ముందు నవ్వుతారు, తర్వాత తిడతారు, ఆ తర్వాత దారి చూపిస్తారు. డెబ్బై రెండేళ్ల ఆ మనిషికి తాగుడు లేదు, పేకాట లేదు, ఆదివారం చర్చి ఎగ్గొట్టే అలవాటైనా లేదు. ఉన్నది ఒకటే జబ్బు. పద్మలోచని నటించిన సినిమాను ఆఖరిదాకా ఎవరినీ చూడనివ్వడు.

పద్మలోచని పాతకాలం హీరోయిన్. చారెడేసి కళ్లు, మోకాళ్ల దాకా జడ. ఆవిడకూ ఒక జబ్బు ఉండేది, సినిమా చివర చచ్చిపోవడం. దగ్గి దగ్గి చచ్చిపోయేది. విషం తాగి చచ్చిపోయేది. మొగుడికి తగలాల్సిన తుపాకి గుండుకు అడ్డంపడి చచ్చిపోయేది. ఏ దారీ దొరక్కపోతే ఉన్నపళంగా గుండె పగిలి చచ్చిపోయేది. ఆ చావు ఇంకో పావుగంట ఉందనగా తిమోతి సినిమా ఆపేస్తాడు. తెర ముందుకొచ్చి, లుంగీ ఎగ్గట్టి, గొంతు సవరించుకుని, "ఇగ ఇనున్రి, ముందట ఏమైందంటే" అని మిగతా కథ తనే చెబుతాడు. తిమోతి కథలో లోచనమ్మ చావదు. ఇంతవరకు ఒక్కసారి కూడా చావలేదు.

కోడలు ప్రిస్కిల్లాకు ఈ సంగతి పెళ్లయిన నాలుగో రోజున తెలిసింది. ఆమెది ఉట్నూర్. బడిలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. ఆ రోజు కొత్తకోడలి మర్యాదతో మామ పక్కన కూర్చుని టీవీలో లోచనమ్మ సినిమా చూస్తోంది. తెర మీద లోచనమ్మ పాలగ్లాసు అందుకుంది. అందులో విషం ఉందని ఇంట్లో అందరికీ తెలుసు, లోచనమ్మకు తప్ప. గ్లాసు పెదవి దాకా వచ్చేసరికి టీవీ టప్పున ఆగిపోయింది.

"అయ్యో, కరెంటు పోయిందా మామా?"

"పోలే బిడ్డా. నేనే బంద్ చేసిన."

"ఎందుకు?"

"ఇంక చూసుడెందుకు, నేన్ చెప్త గద. గా పాలల్ల పిల్లి మూతి వెట్టింది. లోచనమ్మకు ఎంగిలి పాలు తాగే అలవాటు లేదాయె. పారవోసింది."

"మరి పిల్లి?"

తిమోతి ఆలోచనలో పడ్డాడు. ఇన్నేళ్లలో పిల్లి గురించి ఎవరూ అడగలేదు. "పిల్లి కక్కింది. బతికింది," అన్నాడు చివరికి. "మంచిగ అడిగినవ్ బిడ్డా."

వంటింట్లో అత్త రెబెకా కోడలి చేతికి చాయ్ గ్లాసు ఇస్తూ, "ఫికర్ చెయ్యకు, అలవాటైతది. నాకైతే ఇరవై ఏండ్లు పట్టింది," అంది.

ఈ జబ్బుకు అందరికంటే ఎక్కువగా బలైపోయినవాడు మోషే. రెబెకా తమ్ముడు, తిమోతికి బామ్మర్ది, గోడకు గోడ ఆనుకున్న క్వార్టర్లో కాపురం. కర్మం కొద్దీ ఆ వరుస క్వార్టర్లన్నింటి ఫ్యూజు డబ్బా తిమోతి గోడకే బిగించి ఉంది. టీవీలో లోచనమ్మ సినిమా వస్తే చాలు, సరిగ్గా ఆఖరి పావుగంటకు వరుస మొత్తానికి కరెంటు పోయేది.

"బావా! ఫ్యూజు పీకినవా?" మోషే గోడ అవతలి నుంచి అరిచేవాడు.

"నేనెందుకు పీకుత? గాలికి ఊడినట్టుంది."

"ఎండకాలంల గాలేంది బావా? లోచనమ్మ సినిమా ఉన్నరోజే వస్తదా గాలి?"

"ఆమె సినిమాకు గాలి గూడ వస్తది మరి. మామూలు మనిషా?"

ఫోనులో చూసుకోరాదా అని మోషేకు సలహా ఇచ్చినవాళ్లున్నారు. "అగ్గిపెట్టెంత దాంట్ల లోచనమ్మనా? గంత కిస్మత్ తక్కువోన్ని కాదు," అని వాళ్లను తరిమేశాడు. చూస్తే పెద్ద తెర మీదే చూడాలి, చివరిదాకా చూడాలి. అందులోనూ పడవ సినిమా. కాలనీలో లోచనమ్మ సినిమాల అసలు పేర్లు ఎవరికీ గుర్తులేవు. దగ్గు సినిమా, పాలగ్లాసు సినిమా, రైలు సినిమా అంటే చాలు. పడవ సినిమాలో లోచనమ్మ మొగుడు పడవ మీద గోదావరి వరదలోకి వెళ్తాడు. దాన్ని ముప్పై ఆరేళ్ల కిందట కార్మికుల క్లబ్బులో ఆ వరద దాకా చూశాడు మోషే. మిగతా ముక్క కోసం అప్పటినుంచీ ఎదురుచూస్తూనే ఉన్నాడు.

ఈ ఏడు లోచనమ్మకు ఎనభై నిండాయని పేపర్లో పడింది. తిమోతి పేపరు పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. రెండో శనివారం లోచనమ్మ జాతర, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా వరుసగా నాలుగు సినిమాలు, రానివాళ్లతో జన్మలో మాట్లాడేది లేదు. చోటు కోసం పాస్టరయ్య దగ్గరికి వెళ్లి, చర్చి వెనక రేకుల షెడ్డు అడిగాడు.

"మంచి సినిమాలేనా తిమోతీ?"

"అన్నీ త్యాగాలే అయ్యగారూ."

"వాన పాటలు?"

"రెండున్నయ్. గప్పుడు అందరం కండ్లు మూసుకుంటం."

పాస్టరయ్య గడ్డం గోక్కున్నాడు. "నా కుర్చీ ముందు వరసల వెయ్యి. ఎవరన్న కండ్లు తెరుస్తున్నరేమో చూడాలె గద."

ప్రొజెక్టరు, ల్యాప్‌టాప్, స్పీకర్లు ప్రిస్కిల్లా బాధ్యత. జాతరకు ముందు రోజు సాయంత్రం మోషే మెల్లగా ఆమె దగ్గరికి చేరాడు.

"బిడ్డా, మీ మామ నాలుగోది ఏం వెడుతుండు?"

"పెండ్లి సినిమా, చిన్నమామా. అందులో ఆమె చావనే చావదట."

"దాన్ని ఎవడు చూస్తడు? పడవ సినిమా దొరుకుతదా చూడు. మీ మామ దానికోసం మస్తు ఎతికిండు, దొరకలే. నువ్వు తెస్తే ఖుషీ అయితడు."

ఇందులో మొదటి ముక్క అబద్ధం, రెండో ముక్క పచ్చి అబద్ధం. ప్రిస్కిల్లా వెతికితే పది నిమిషాల్లో దొరికింది. బొమ్మ అద్దంలా ఉంది. మామకు చెప్పకుండా సంతోషపెడదామని దాన్నే నాలుగోదిగా పెట్టుకుంది. నిజానికి మూడేళ్లుగా ఆ ఇంట్లో ఒక్క సినిమాకైనా శుభం కార్డు చూడని ఉక్రోషం ఆమెకూ కొంచెం ఉంది.

రెండో శనివారం పొద్దున షెడ్డు నిండిపోయింది. కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేశారు, గోడకు తెల్లదుప్పటి కట్టి తెర చేశారు. తిమోతి తెల్లచొక్కా తొడుక్కుని నియమాలు చదివాడు. లోచనమ్మ జడ ముందుకు వేసుకుంటే ఈల కొట్టాలి. కొంగు కొరికితే పిడికెడు ఉడికించిన శనగ గుడాలు నోట్లో వేసుకోవాలి. విలన్ కనబడగానే గంటెతో పళ్లెం మీద మోగించాలి. సినిమాలో అత్త కోడలిని ఏడిపించినప్పుడల్లా షెడ్డులో ఉన్న అత్తలందరూ లేచి నిలబడి "తప్పైంది" అనాలి. ఈ చివరి నియమం ప్రిస్కిల్లా చేర్చింది.

దగ్గు సినిమాలో అత్త గయ్యాళి. పదకొండోసారి లేచిన రెబెకాకు ఓపిక నశించింది. "గా సినిమా అత్త చేసిన పాపానికి నా మోకాళ్లు పోతున్నయ్. నేనేం చేసిన్నే నిన్ను?"

"ఏం చెయ్యలే అత్తమ్మా. ఇయ్యాల్టి తప్పైందిలు జమ ఉంచుకో, ముందట చేస్తే అండ్ల పట్టుకుందం," అంది ప్రిస్కిల్లా.

దగ్గు సినిమాలో డాక్టరు పెదవి విరవగానే తిమోతి చెయ్యెత్తాడు, ప్రిస్కిల్లా ఆపింది, మోషే నెత్తి కొట్టుకున్నాడు. "గీ డాక్టర్‌కు చదువు రాదు," అన్నాడు తిమోతి. "లోచనమ్మను జీపుల ఏసుకొని మంచిర్యాల తీస్కపోయిన్రు. ఆడ ఇంకో డాక్టర్ జూసి, ఏం రోగం లేదమ్మా, మీ ఇంట్ల మిరపకాయల పోపు ఎక్కువైంది, గంతే అన్నడు." షెడ్డంతా ఈలలు. పాలగ్లాసు సినిమాలో పిల్లికి ఈసారి మూడు పిల్లలు కూడా పుట్టాయి. రైలు సినిమాలో లోచనమ్మ పట్టాల మీద పడుకుంది. "రైలు అయిదు గంటలు లేటు," అన్నాడు తిమోతి. "పండుకొని పండుకొని నడుము నొప్పి లేసింది. ఇంటికి పోయి జెండుబామ్ రాస్కొని, సచ్చుడు మనతోని కాదని మానుకున్నది."

మధ్యాహ్నం తిండయ్యాక లోచనమ్మలా బిందె పట్టుకుని నడిచే పోటీ. పాతిక మంది ఆడవాళ్లను ఓడించి, లారీ నడిపి రిటైరైన హనుమండ్లు గెలిచాడు. ఆయనకు నడుము ఎక్కడుందో వెతికి పట్టుకునే సరికే అయిదు నిమిషాలు పట్టింది గానీ, దొరికాక దాన్ని తిప్పిన తీరుకు పాస్టరయ్య కూడా కళ్లు మూసుకోవడం మరిచిపోయాడు.

నాలుగు గంటలకు నాలుగో సినిమా మొదలైంది. తెర మీద నిండు గోదావరి, ఒడ్డున పడవ. జనం చప్పట్లు కొట్టారు. ప్రిస్కిల్లా మామ ముఖంలో సంతోషం చూద్దామని తిరిగింది. తిమోతి ముఖం సున్నం కొట్టినట్టయింది.

"బిడ్డా, ఇది కాదు. పెండ్లి సినిమా వెట్టు."

"ఉండనీ బావా!" మోషే వెనక నుంచి తిమోతి భుజాలు గట్టిగా పట్టుకున్నాడు. "ముప్పై ఆరేండ్లయింది. నేను సచ్చేలోపల చూడాలె."

జనం మోషే వైపే అరిచారు. తిమోతి కూర్చున్నాడు. కూర్చున్నాడే గాని సినిమా చూడలేదు. రెండో వరుసలో కూర్చున్న సరోజనను చూస్తూ ఉండిపోయాడు. సరోజన కంపెనీ ఆఫీసులో అటెండరుగా పనిచేసి రిటైరైన మనిషి. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. ఆవిడ గుడాలు నములుతూ తెర వైపే చూస్తోంది.

వరద వచ్చింది. పడవ ఊగింది. లోచనమ్మ కందిలి దీపం పట్టుకుని ఒడ్డుకు పరుగెత్తింది. తిమోతి చెయ్యెత్తాడు. "ఆపు బిడ్డా!"

"ఆపకు!" మోషే ప్రొజెక్టరు బల్లకు అడ్డంగా నిలబడ్డాడు. "ఇగ నీ అబద్ధాలు బంద్ బావా. ఎవ్వరిని అడిగి ఆపుతున్నవ్? సినిమా నీ బాపు తీసిండా?"

"మోషే, నీకు తెల్వదు. జరుగు."

"తెల్వకనే చూస్త అంటున్న!"

ఇద్దరు ముసలివాళ్లు చొక్కాలు పట్టుకునే దాకా వచ్చారు. ప్రిస్కిల్లా భయపడి బొమ్మను అక్కడే నిలిపేసింది. తెర మీద లోచనమ్మ కందిలి పట్టుకుని, నోరు తెరుచుకుని ఆగిపోయింది. రెబెకా కోడలిని చెయ్యి పట్టి షెడ్డు బయటికి లాక్కొచ్చింది.

"ఏం పని చేసినవే! ఇది సరోజన ముందట వెట్టే సినిమానా?"

అప్పుడు చెప్పింది రెబెకా. ముప్పై ఆరేళ్ల కిందట ఒక శనివారం సాయంత్రం క్లబ్బులో ఇదే సినిమా. తిమోతి పగలు బాయిలో ల్యాంపు రూం పని చేసి, శనివారాలు క్లబ్బులో సినిమా మిషను తిప్పేవాడు. రెబెకా, సరోజన ఒకే చాప మీద కూర్చున్నారు. పడవ వరదలో చిక్కిన చోట, బాయి నుంచి ఒక మనిషి వచ్చి సరోజనను పిలిచాడు. ఆమె మొగుడు అంబదాస్ మీద పైకప్పు కూలింది. సరోజన చాప మీది నుంచి లేచి వెళ్లిపోయింది. తిమోతి మిషను ఆపేశాడు. ఆ సినిమా చివర ఎవరూ చూడలేదు.

"అయిదు నెలలు ఆమె నోరు తెరవలే. ఒకనాడు నల్లా కాడ మీ మామను అడిగింది, తిమోతన్నా, గా లోచని మొగడు దొరికిండా అని. దొరికిండు అన్నడు ఈయన. ఎట్ల అన్నది. ఏం చెప్పాలె? నీళ్లల్ల కొట్టుకపోయి ధర్మపురి కాడ తేలిండు, తానాలు చేసెటోళ్లు దేవుడే వచ్చిండని మొక్కిన్రు, నాలుగు రోజులు పులిహోర తిని బలిసి ఇంటికి వచ్చిండు అన్నడు. సరోజన నవ్వింది. బిందె కింద వెట్టి మరీ నవ్వింది. ఎనుకటి లెక్కనే ఆ శనివారం క్లబ్బుకు గూడ వచ్చింది. మిషను తిప్పెటోడు గద, గా సినిమాల మొగడు, లోచని ఇద్దరు సచ్చిపోతరని ఈయనకు తెల్సు. ఇగ అప్పటిసంది ఇదే కథ."

ప్రిస్కిల్లా షెడ్డు వైపు తిరిగింది. రెబెకా ఆమె చెయ్యి వదల్లేదు.

"ఇంకోటి ఇను. ఎక్కడ ఆపాల్నో తెల్వాలె గద? అందుకే ప్రతి సినిమా ముందుగాల ఒక్కడే కూసోని ఆఖరిదాంక చూస్తడు. ఏడ్సి ఏడ్సి తువ్వాల తడుపుకొని వస్తడు. పిండేది నేను."

ప్రిస్కిల్లా లోపలికి పరుగెత్తింది. సినిమా మూసేద్దామని చెయ్యి పెట్టేలోపే రెండో వరుసలోంచి సరోజన లేచింది.

"ఆపకు బిడ్డా. అరే, ఏంది మీ లొల్లి? తిమోతన్నా, గా పడవల ఆయన సచ్చిపోతడు. ఒడ్డు మీద ఆమె గూడ సచ్చిపోతది. నాకు తెల్సు."

తిమోతి మోషే చొక్కా వదిలేశాడు. "ఎవరు చెప్పిన్రు నీకు?"

"ఒకరు చెప్పుడేంది? ఆసిఫాబాద్‌ల మా చెల్లె ఇంట్ల టీవీల చూసిన. ఇరవై ఏండ్లయితుంది. ఆడ ఫ్యూజు పీకెటోళ్లు లేరు గద."

జనం ఘొల్లుమన్నారు. తిమోతి మాత్రం నవ్వలేదు. "మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు కథలు బంద్ చేస్తవ్! లోచని సచ్చుడు ఏ టీవీల జూసినా వస్తది. నువ్వు చెప్పే అబద్ధాలు ఏ టీవీల వస్తయ్?" అంది సరోజన. ఆ పెద్ద గొంతు కొంచెం తగ్గింది. "నువ్వు పులిహోర అన్ననాడు ఇంటికి పోయి పులిహోర కలిపిన తిమోతన్నా. పిల్లలు, నేను కడుపునిండ తిన్నం. అయిదు నెలలకు గా పూటనే నాకు ఆకలైంది."

తిమోతి వేళ్ల మీద ఏదో లెక్క వేసి నుదురు ముడివేశాడు. "అంటే ఇరవై ఏండ్లసంది నేన్ ఊకెనే ఏడుస్తున్ననా?"

"తువ్వాల పిండింది నేను," అంది వాకిట్లోంచి రెబెకా.

"అయితే ఇగ అందరికి తెల్సినట్టే," మోషే సంబరంగా కుర్చీ తెర ముందుకు లాక్కున్నాడు. "పెట్టు బిడ్డా."

"పెట్టు," అంది సరోజన. "మోషే అటు చూస్కోనీ. తిమోతన్నా, నువ్వు నీ కథ మొదలువెట్టు. మేం ఇటు ఇంటం."

"తెర మీద ఒకటి నడుస్తుంటే నోటితోని ఇంకోటి చెప్పుడెట్ల?"

"ఆదివారం నేను చెప్పేది ఒకటి, మీరు ఇనేది ఇంకోటి. నడుస్తలేదా?" అన్నాడు పాస్టరయ్య.

ప్రిస్కిల్లా శబ్దం తగ్గించి సినిమా వదిలింది. జనమంతా కుర్చీలు తిప్పుకుని తిమోతి వైపు కూర్చున్నారు. మోషే ఒక్కడే తెరకు ఎదురుగా, రెప్ప వేయకుండా.

తిమోతి లుంగీ ఎగ్గట్టాడు. "ఇగ ఇనున్రి. పడవ తిరగవడ్డది. లోచనమ్మ మొగడు మునుగుతుండు, తేలుతుండు. గప్పుడు ఒడ్డు మీద ఒక మనిషి కనవడ్డడు. బక్కగుంటడు, ఎప్పుడు జూసినా గులుగుతుంటడు. పేరు మోషే."

మోషే మెడ కొంచెం కదిలింది. "నేనా?"

"నువ్వు తెర చూడు. మోషే ఏం చేసిండు? అంగి ఇప్పిండు. నీళ్లల్ల దుంకిండు."

"నాకు ఈత రాదు గద బావా."

"కథల వస్తది. దుంకి, పడవ తాడు పండ్లతోని పట్టుకున్నడు."

"కట్టుడు పండ్లతోనా?" అడిగాడు హనుమండ్లు.

"గప్పుడు సొంతయే!" అన్నాడు మోషే. కుర్చీ ఎప్పుడు తిప్పుకున్నాడో ఆయనకే తెలియదు. "తర్వాత?"

"తర్వాతేముంది, వరద ఇటు గుంజుతది, మోషే అటు గుంజుతడు. గోదారి అలిసిపోయింది గాని మోషే అలిసిపోలే. లోచనమ్మ మొగన్ని భుజం మీద ఏసుకొని ఒడ్డుకు వచ్చిండు."

మోషే వెన్ను నిటారుగా అయింది. అతని వీపు వెనక తెర మీద కందిలి నేల మీద పడింది, లోచనమ్మ దాని పక్కన ఒరిగింది, కళ్లు మూసుకుంది. ప్రొజెక్టరు పక్కన నిలబడ్డ ప్రిస్కిల్లా ఒక్కతే చూసింది. శుభం పడి, తెర తెల్లబడి, చప్పట్లు మోగేదాకా మోషే వెనక్కి తిరగలేదు. తిరిగి, ఖాళీ దుప్పటిని చూశాడు.

"అయిపోయింది చిన్నమామా," అంది ప్రిస్కిల్లా జాలిగా. "ఆఖరు మళ్లీ పెట్టాల్నా?"

మోషే ఆ దుప్పటిని చూశాడు, బావను చూశాడు. "అది ఉండనీ బిడ్డా. బావా, నేను నీళ్లకెల్లి ఎల్లినంక లోచనమ్మ నన్నేమన్న అన్నదా?"

"అనకుంట ఉంటదా?" అన్నాడు తిమోతి. "మస్తు తడిసినవు మోషన్నా, లోపల్కి రా, చాయ్ తాగిపో అన్నది."

మోషే భుజం మీది తువ్వాల తీసి, పొడిగా ఉన్న తల శ్రద్ధగా తుడుచుకున్నాడు.